ముఖమల్ గలేబు

ఎన్నో ఏండ్లుగా ప్రమోదిని మనసులో ఒక అనుమానం ఉంది. పైకి అడుగుదామంటే మరీ చిన్నది. మరిచిపోదామంటే పోదు.

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి ఏడు, ఆదిలాబాద్ చలి గురించి విని విని, తులసికోటలోని మొక్కకు గోనెసంచి కప్పింది. పొద్దున్నే స్నానం చేసి, సంచి తీయకుండానే చుట్టూ తిరిగి దండం పెట్టుకునేది. దేవతకు చలి పెట్టకూడదని ఆమె తాపత్రయం. ఒకనాడు సంచి తీసి చూస్తే ఆకులన్నీ నల్లబడి, కాడ మెత్తబడి ఉంది.

"చలికి పోయింది" అన్నది అత్తగారు లీలాబాయి. ఇంట్లో అందరూ అదే అన్నారు.

కొత్త మొక్క పెట్టారు. అది ఇప్పటికీ పచ్చగానే ఉంది. కానీ కార్తీకం వచ్చిందంటే చాలు, ప్రమోదిని దీపం పెట్టే చేయి ఒక్క క్షణం ఆగుతుంది. చలికి పోయిందా? నేను కప్పిన సంచికి పోయిందా?

ఈ రోజు తులసి లగ్గం. తులసమ్మకు కట్టే పసుపు గుడ్డ కోసం మంచం మీది పరుపు ఎత్తింది ప్రమోదిని. పసుపు గుడ్డ దొరకలేదు. మిల్లు ఆఫీసుకని తాను తన చేత్తో కుట్టిచ్చిన తొడుగు, మెరూన్ రంగు ముఖమల్ గలేబు దొరికింది.

నాలుగు మడతలు పెట్టి, పరుపు కింద లోపలికి తోసి ఉంది. విప్పి చూసింది. పైన దారంతో కుట్టిన నెమలి అలాగే ఉంది. లోపలి అస్తరు మాత్రం రొట్టె మాడినట్టు గోధుమ రంగుకు తిరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన.

ఆమె మంచం పట్టె మీద కూలబడింది.

హాల్లో బావగారు కిషన్‌రావు ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆయన గొంతు గోడలను దాటుకుని వస్తుంది.

"అవును ఎస్సై సాబ్, నిన్న పొద్దుమీకి. ఆఫీసు రూముల పొగ వాసన. అవుతల పత్తి కుప్పలున్నయి, ఒక్క నిప్పురవ్వ పడితే ఏమున్నది? ఆ హమీద్‌గాడు నాసిరకం డబ్బా తెచ్చి పెట్టిండు. మూడుసార్లు బందైతే ఊకున్న. గిప్పుడు మిల్లునే కాలవెట్ట చూసిండు. నాలుగింటికి స్టేషన్‌కస్త, రాసిస్త. పొలగాన్ని జర లోపటేసి అడుగుండ్రి."

డబ్బా అంటే ఈథర్నెట్ స్విచ్. జిన్నింగు మిల్లులో పత్తి బండ్లు తూచే కాంటా దగ్గర ఒక కంప్యూటరు, ఆఫీసులో ఒకటి, గోదాములో ఒకటి. ఒకదాని లెక్క ఇంకొకదానికి చేరాలంటే నడుమ ఈ డబ్బా ఉండాలి. కిషన్‌రావు తన మూడు మిల్లులకూ కొనే ముందు రెండు కంపెనీలవి పరీక్షకు తెప్పించాడు. హాల్‌మన్ అనే విదేశీ డబ్బా నాగపూర్ డీలరు ఇచ్చాడు. సారంగ్ అనే దేశీ డబ్బా హమీద్ ఇచ్చాడు. హమీద్ ఒకప్పుడు వీళ్ల పక్కింటి పిల్లవాడు. హైదరాబాద్‌లో నేర్చుకుని వచ్చి, బస్టాండు దగ్గర కంప్యూటర్ల దుకాణం పెట్టుకున్నాడు. ప్రమోదిని భర్త ఉపేందర్‌రావే అన్న దగ్గర అతని కోసం మాట పడి మరీ డబ్బా పెట్టించాడు.

"రెండిటిని ఒక్క బల్ల మీద, ఒక్క కరెంటు మీద పెట్టిన" అంటున్నాడు కిషన్‌రావు ఫోనులో. "ఒక వారం ఇది, ఒక వారం అది నడిపిన. నేను న్యాయం తప్పలే సాబ్. నాగపూరోనిది ఒక్కసారి బంద్ గాలే."

ప్రమోదిని చేతిలోని గలేబును చూసింది. ఒక్క బల్ల. ఒక్క కరెంటు. గలేబు మాత్రం ఒక్కదానికే తొడిగారు.

తలుపు తోసుకుని ఉపేందర్‌రావు వచ్చాడు. భార్య చేతిలో ఏముందో చూసి, వెనక్కి తిరిగి గడియ పెట్టాడు.

"ఇది పరుపు కింద ఎందుకున్నది?" అంది ప్రమోదిని.

"మెల్లగ మాట్లాడు."

"నేను మెల్లగనే అడుగుతున్న. ఎందుకున్నది?"

అతను కిటికీ వైపు నడిచాడు. "వాసన రాంగనే నేనే ముందుగాల ఉరికిన. గలేబు గుంజి స్వెటర్ల పెట్టుకున్న. అటెంక అన్న వచ్చిండు."

"అంటే గీ గలేబుకే..."

"నాకేం ఎర్క? నేనేమన్న ఇంజనీర్నా? దూది నూగు పడుతుందని నువ్వే కుట్టి ఇస్తివి. మనింట్ల టీవీకి లేదా? మిక్సీకి లేదా? ఫోనుకు లేదా?"

"హమీద్ ఎన్నడు చూడలేదా దీన్ని?"

"వాడు వచ్చినప్పుడు తీసి పక్కకు పెట్టేటోన్ని."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఇంటికి చుట్టం వస్తే టీవీ మీది గుడ్డ తియ్యమా? కప్పినదాన్నే చూపెడుతమా ఎవలకన్న?"

ప్రమోదినికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. హమీద్ వచ్చేసరికి డబ్బా గాలి పీల్చుకుని చల్లబడేది. విప్పి చూసి ఏమీ దొరకక, తల గోక్కుంటూ పోయేవాడు. అతను గేటు దాటగానే మళ్లీ ముఖమల్.

"నాగపూరోనిదానికి గుడ్డ కప్పలేదా మీరు?"

"దానికెందుకు? అది పరాయోనిది. మన హమీద్‌ది గదా అని దీనికి..." ఉపేందర్‌రావు మాట నడుమనే ఆగిపోయింది.

మనది అనుకున్నదానికే కప్పారు. పరాయిదాన్ని దాని మానాన వదిలేశారు. అది బతికింది.

"పోయి బావకు చెప్పుండ్రి" అంది ప్రమోదిని.

"పిచ్చి లేసిందా నీకు? మిల్లుకు నిప్పు పెట్టబోయింది నా తమ్ముని పెండ్లామే అంటడు. ఊరంత చెప్తడు. వాటా లేదు గీటా లేదు, సామాను సర్దుకో అంటడు. గప్పుడు ఏడికి పోదాం? మీ తమ్ముని ఇంటికా?"

"మరి హమీద్?"

"పోలీసోళ్లు ఏం జేస్తరు? రెండు దినాలు కూసోబెట్టి ఇడిచిపెడతరు."

"మళ్ల అనకుండ్రి గా మాట. పండుగ పూట."

అతను తల వంచుకున్నాడు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. చిన్నప్పటి నుంచీ అన్న నీడలోనే పెరిగి, ఎండంటే తెలియనివాడు. ఆమెకూ భయమే. ఆ ఇంట్లో ఎన్నడూ బావగారి ఎదుట నిలబడి మాట్లాడిందే లేదు. ఏం చెప్పినా తలుపు చాటు నుంచే.

తలుపు దబదబ బాదారు.

"పెండ్లికొడుకు వచ్చి ఎంతసేపాయె! పెండ్లి పెద్దలు తలుపులేసుకుంటే ఎట్లనే?" అని లీలాబాయి గొంతు. పెండ్లికొడుకంటే తులసి పక్కన నాటే ఉసిరి కొమ్మ. "చెరుకు గడలు ఇంక రాలే. పసుపు గుడ్డ ఏదే?"

ఉపేందర్‌రావు గడియ తీసి, తల్లి ముఖం చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. ప్రమోదిని గలేబును కొంగు కింద దాచుకుని అత్తగారి వెంట పెరట్లోకి నడిచింది. ముసలామె కోట చుట్టూ ముగ్గు వేస్తూ, చేయి ఆపకుండానే అంది. "నీ మొకం ఎందుకట్ల పాలిపోయింది? కిషన్ గొంతుకు భయపడ్డవా? ఆడు చిన్నప్పటి సంది అంతే. ఏడిస్తే గల్లీ అంత ఇనపడుతుండె."

"అత్తమ్మా, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పాలె."

"తులసమ్మ ముందట అబద్ధమాడుతనా?"

"గా మొదటి తులసి, నేను వచ్చిన కొత్తల పోయింది గదా. అది చలికే పోయిందా?"

ముగ్గు పోసే చేయి ఆగింది. లీలాబాయి చాలాసేపు కోడలి వైపు చూసింది.

"చలికి పోతే గల్లీల అందరి తులసి పోవాలె గద బిడ్డా. మనదొక్కటే పోయింది."

"మరి చలికి అన్నరు?"

"కొత్త కోడలివి. పుట్టినిల్లు ఇడిచి వచ్చి దినాం ఏడుస్తుంటివి. నువ్వే సంపినవంటే ఇంకింత ఏడుస్తవని అన్న. గాలి తగలకపోతే ఏది బతుకుతది?" మళ్లీ ముగ్గు మొదలుపెట్టింది. "ఇన్నేండ్లు గదే మనసుల పెట్టుకున్నవా, పిచ్చిదానా?"

ప్రమోదిని తులసికోటకు చేతులు జోడించింది. తల్లీ, ఒకసారి ఇంటివాళ్లు నన్ను కాచారు. ఇప్పుడు నేను మాట్లాడకపోతే ఎవరినో కొడతారు. ప్రేమతో చేసిన పని తప్పయితే, దాన్ని ఏమనాలి? తులసి ఏమీ చెప్పలేదు. ఎన్నడు చెప్పింది గనుక?

లోపలికి వెళ్లి కుట్టుమిషను సొరుగు తీసింది. గలేబును సంచిలో పెట్టుకుంది. సొరుగు అడుగున పాత చీర ముక్కలో చుట్టి ఒక పెద్ద ఇనుప కత్తెర ఉంది. దాన్ని చూసి ఒక్క నిమిషం నిలబడింది. గుడ్డ విప్పేసి, కత్తెరను కూడా సంచిలో వేసుకుంది.

"చెరుకు గడలు నేనే తెస్త అత్తమ్మా" అని చెప్పి గేటు దాటింది.

*

హమీద్ వాళ్ల ఇంటి తలుపు తట్టగానే తెరుచుకోలేదు. లోపల గుసగుసలు వినిపించాయి. ఏదో పెట్టె ఈడ్చిన చప్పుడు.

"ఖాలా, నేను. ప్రమోదిని."

తలుపు బెత్తెడు తెరుచుకుంది. హమీద్ తల్లి కుబ్రా కండ్లు ముందు కనపడ్డాయి, తర్వాత ముఖం.

"దుల్హన్?" అంది కుబ్రా. పక్కింట్లో ఉన్నప్పుడు కొత్త కోడలిని అలా పిలిచేది, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. "పోలీసోళ్లు అనుకున్న. ఇన్నేండ్లకు దొరికిందా నీకు మా ఇంటి తొవ్వ? గిసొంటి దినమే దొరకాల్నా?"

ప్రమోదిని తల దించుకుంది. నడింట్లో హమీద్ బ్యాగు సర్దుకుంటున్నాడు.

"నాందేడ్ పోతున్నడు, మా అన్న దగ్గరికి" అంది కుబ్రా. "తప్పు చేసినవా బేటా అని అడిగితే లేదంటడు. మరి ఎందుకు ఉరుకుతున్నవంటే మాట్లాడడు."

"ఉరకకుంటే ఏం జెయ్యాలె అమ్మీ?" అన్నాడు హమీద్. రాత్రంతా నిద్ర లేని గొంతు అది. "మూడుసార్లు ఇప్పి చూసిన వదినా. వైర్లు చూసిన, కరెంటు చూసిన. నేను పోయినప్పుడల్లా మంచిగనే ఉంటది. నేను ఇటు రాంగనే బందైతది. నాకే దయ్యం పట్టిందేమో అనిపించింది."

ప్రమోదిని సంచిలోంచి గలేబు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇదే దయ్యం. నేనే కుట్టిన."

హమీద్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. మాడిన అస్తరు చూశాడు. దాని కొలత చూశాడు. నేల మీదే కూర్చుండిపోయాడు.

"తొడిగిన్రా? దాని మీద?"

"దూది పడుతుందని."

"వదినా, దాని మూత మీద కంతలు ఎందుకున్నయి అనుకున్నరు? ముగ్గు కోసమా?" నవ్వాడు. నవ్వుతుండగానే కండ్లు నిండాయి. "దానికి ఫ్యాను లేదు. గా కంతలల్లకెల్లే వేడి పోవాలె. ఫ్యాను లేదనే నేను దాన్ని మీ మిల్లుకు తెచ్చిన. నాగపూర్‌దానికి వెనుక ఫ్యానుంటది. అది చెడ్డ మాలు కాదు, నేనెందుకు అబద్ధమాడాలె? బ్యాంకుల పెడితే, దవాఖానల పెడితే, నేను కూడా అదే పెట్టమంట. కాని దూదిల ఫ్యాను తిరిగితే ఏమైతది? దూదినే మింగుతది. పెదసాబ్‌కు చెప్పబోతే ఇనలే. ధర పిరమైతే మంచిది, అగ్గువైతే చెడ్డది అన్నడు."

"ఇప్పుడు పోయి చెప్దాం పా. నేను చెప్త."

"నేను రాను. నన్ను చూడంగనే చెయ్యి లేపుతడు."

"చెయ్యి లేపనీ" అంటూ కుబ్రా బురఖా అందుకుంది. "నేను కూడ వస్తున్న. ఎవలి మీద లేపుతడో చూద్దాం."

ఆమె మాట ధైర్యంగానే ఉంది. బురఖా గుండీ పెట్టుకునే వేళ్లకు మాత్రం కాజా దొరకడం లేదు. ప్రమోదిని ముందుకు వంగి ఆ గుండీ పెట్టింది.

*

మిల్లు వాకిట్లో పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. అవతల తెల్లటి కుప్పలు. వాటిని చూస్తే ప్రమోదినికి ఎప్పుడూ వెన్నెల గుర్తొచ్చేది. ఈ రోజు అగ్గి గుర్తొచ్చింది. అంత పత్తి, అంతమంది మనుషులు, అన్ని ఎడ్లు. నిన్న ఆ అస్తరు ఇంకాస్త మాడి ఉంటే?

ఆఫీసు గదిలో కిషన్‌రావు కాగితాల మీద సంతకాలు చేస్తున్నాడు. బల్ల మీద హాల్‌మన్ డబ్బా పచ్చ దీపాలతో మిణుకుమిణుకుమంటోంది. దాని పక్కన చచ్చిన సారంగ్ డబ్బా.

"వీన్ని ఎవలు పిలిచిన్రు?" అన్నాడు తల ఎత్తగానే.

"నేనే పిలిచిన బావా."

కిషన్‌రావు లేచి నిలబడ్డాడు. మరదలు తన ఎదుట నిలబడి నోరు విప్పడం ఆయనకూ కొత్తే. ప్రమోదిని గలేబును బల్ల మీద పరిచి, మాడిన వైపు పైకి తిప్పింది. గోనెసంచి మాట తప్ప అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ బల్ల అంచు పట్టుకునే ఉంది.

"గీ గుడ్డ దినాం నా కండ్ల ముందటనే ఉండె, గుడ్డకు డబ్బా కాలుతదా? నీ మొగన్ని కాపాడుకోను కత జెప్తున్నవు" అన్నాడు కిషన్‌రావు. "వీన్ని తెచ్చింది వాడు. వీడు మునిగితే వాడు మునుగుతడని."

"అయితే గీ గలేబే గా డబ్బాకు తొడుగుండ్రి. మీ ముందటనే చూద్దాం."

"వద్దు వదినా!" అన్నాడు హమీద్. "అది పిరం డబ్బా. పరాయోనిది. పాడైతే అది కూడ నా మెడకే."

"ఒక్క తీరుగ చూస్తేనే గదా న్యాయం. బావ ఫోనుల గదే అన్నడు." అన్న తర్వాత ఆమెకే భయమేసింది. మాట ఎక్కువైందేమోనని.

కిషన్‌రావు ముఖం ఎర్రబడింది. తానే గలేబు అందుకుని హాల్‌మన్‌కు తొడిగాడు. నెమలి బొమ్మ పైకి వచ్చేలా సరిగ్గా లాగాడు. కుర్చీ జరుపుకుని ఎదురుగా కూర్చున్నాడు.

బయట ఎడ్ల మెడగంటలు, కాంటా మీద బండి ఎక్కిన చప్పుడు. కుబ్రా పెదవులు కదులుతున్నాయి. ప్రమోదిని లోలోపల నరసింహస్వామిని తలుచుకుంటోంది. ఆగిపోవాలని కోరుకోవాలా, ఆగకూడదని కోరుకోవాలా? దేవుణ్ని ఏమడగాలో ఆమెకు తెలియలేదు. హమీద్ మాత్రం అరచేతిని ముఖమల్ మీద పెట్టి, జ్వరం వచ్చిన బిడ్డను చూసినట్టు చూస్తున్నాడు.

గుమ్మంలో ఉపేందర్‌రావు కనిపించాడు. ఉరికి వచ్చినట్టున్నాడు. లోపలికి రాలేదు, వెనక్కీ పోలేదు.

ఎండ కిటికీ దాటి బల్ల మీదికి వచ్చింది. గలేబు కింద సన్నగా గరగరమని చప్పుడు మొదలైంది. కాసేపటికి అది ఆగిపోయింది. గదిలో వెచ్చటి వాసన.

"సాబ్!" కాంటా మీది అంబదాస్ అరిచాడు. "బరువు ఎక్కుత లేదు సాబ్! కంప్యూటర్ ఆగిపాయె!"

హమీద్ గలేబు లాగబోయాడు. అంతకు ముందే కిషన్‌రావు దాన్ని పీకి అవతల పారేశాడు. దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి.

హమీద్ వైరు తీసి, డబ్బా వెనక్కి తిప్పి, ఫ్యాను జాలీలోకి వేలు పెట్టాడు. ఎలుక గూడంత దూది ముద్ద బయటికి వచ్చింది. దాన్ని కిషన్‌రావు ముందు పెట్టాడు.

"గలేబు లేకున్నా ఈ సీజను దాటకపోవు సాబ్. చల్లగయితే మళ్ల లేస్తది, ఫికర్ చెయ్యకుండ్రి. గీ దూదిల ఏది నిలబడుతదో ఇంక మీరే చెప్పుండ్రి."

కిషన్‌రావు ఆ దూది ముద్దను వేళ్లతో నలుపుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత ఫోను ఎత్తాడు.

"ఎస్సై సాబ్, నాలుగింటికి నేను వస్త లేను. ఏం లేదు. మా ఇంటి ముచ్చటే."

కుబ్రా గోడకు ఆనుకుంది. హమీద్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

కిషన్‌రావు ఫోను పెట్టి గుమ్మం వైపు చూశాడు. "ఉపేందర్, నిన్ననే ఎర్కనా నీకు?"

"సగం ఎర్క అన్నా."

"నిన్న చెప్తే తిట్టేటోన్ని, కొట్టేటోన్ని. గంతే గదా? ఇయ్యాల నీ పెండ్లాంతోని చెప్పిచ్చుకున్నవు." ఆయన గొంతు మొదటిసారి తగ్గింది. తగ్గిన ఆ గొంతే ప్రమోదినికి ఎక్కువ భయం పుట్టించింది. "రేపటి సంది మిల్లుకు రాకు. పండుగ ఎల్లినంక కూసోని మాట్లాడుదాం. ఏం మాట్లాడుదామో నాక్కూడ ఎర్కలేదు."

ఉపేందర్‌రావు తల ఎత్తాడు. భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ఊరట ఉందో ప్రమోదినికి అంతుపట్టలేదు.

ముగ్గురూ గేటు దగ్గరికి వచ్చారు. చెరుకు గడలు కొనాలి. లగ్గం చేయాలి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్నాళ్లు దీపం పెడుతుందో తెలియదు.

"ఖాలా, జర ఆగు" అంది.

సంచిలోంచి ఇనుప కత్తెర తీసింది. పెండ్లయిన కొత్తలో టేపురికార్డరుకు గలేబు కుట్టడానికి కుబ్రాను అడిగి తెచ్చుకున్నది. ఇయ్యాల ఇద్దాం, రేపు ఇద్దాం అంటుండగానే కుబ్రావాళ్లు వేరే గల్లీకి మారారు. ఆ తర్వాత ఇవ్వడానికి ముఖం చెల్లక, గుడ్డలో చుట్టి దాచింది. ఆ ఇంట్లోని గలేబులన్నీ దానితో కత్తిరించినవే.

కత్తెర చేతికిస్తే కొట్లాట వస్తుందంటారు. ప్రమోదిని దాన్ని గేటు పక్కన అరుగు మీద పెట్టి, కుబ్రా తీసుకుంటుందని చూసింది.

కుబ్రా తీసుకోలేదు.

"కొట్లాటకు ఇంకేం మిగిలింది దుల్హన్?" అని చేయి చాచింది. "చేతికే ఇయ్యి."

ప్రమోదిని అరుగు మీది కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది. కుబ్రా దాన్ని ఒకసారి తెరిచి మూసి చూసింది.

"పదునుగనే ఉన్నది" అంది.